మూలకానికి మూలం ఏది?

మన కళాశాలలో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం సైన్సు తరగతిలో ఒకే బల్లమీద ఇద్దరు విద్యార్థులు కూర్చుంటారు. ఒకరు పదవ తరగతి వరకు తెలుగులో చదివినవారు. మరొకరు ఉర్దూలో చదివినవారు. అధ్యాపకుడు ‘ఆటమ్’ అనగానే మొదటివారి మనస్సులో ‘పరమాణువు’ అనే మాట మెదలుతుంది. రెండవవారి మనస్సులో ‘జౌహర్’ అనే మాట మెదలుతుంది. పుస్తకం తెరిస్తే ‘అణువు’ అనే మాట మరొకటి ఎదురవుతుంది. మూడు భాషల నడుమ ఆ చిన్న వస్తువు ఎక్కడో జారిపోతుంది.

నేను బోధించేది తెలుగు. ఇంటర్మీడియట్‌లో మాత్రం సైన్సు చదివినవాణ్ణి. రెండేళ్ళ క్రితం ఒక విద్యార్థి నావద్దకు వచ్చాడు. పదవ తరగతి దాకా ఉర్దూ మాధ్యమంలో చదివి, మంచి మార్కులతో ఇక్కడ చేరినవాడు. సైన్సు మాని ఆర్ట్సు గ్రూపులో చేరుతానని దరఖాస్తు వ్రాసుకొని, అందులోని తెలుగు సరిచేయమని తెచ్చాడు. కారణం అడిగితే, దిద్దిన పరీక్షాపత్రం చూపించాడు. ‘ఆటమ్’ను నిర్వచించమన్న ప్రశ్నకు ‘అణువు’ అని వ్రాసినందుకు సున్న వచ్చినది.

“సార్, అందరూ ఆటమ్ బాంబును అణుబాంబు అనే కదా అంటారు? మరి ఆటమ్ అంటే అణువు కాదా?” అన్నాడు.

ఆ ప్రశ్నలో తప్పు లేదు. తప్పు మన వాడుకలో ఉన్నది. ఆనాడు అతనికి చెప్పినదానిని, రసాయనశాస్త్ర అధ్యాపక మిత్రునితో సరిచూసుకొని, కొత్తగా చేరిన విద్యార్థులందరికీ పనికివచ్చునని ఇక్కడ వ్రాస్తున్నాను.

1. మాటలు

వైశేషిక దర్శనకర్త కణాదుడు ఇక విభజించడానికి వీలులేని సూక్ష్మాంశాన్ని పరమాణువు అన్నాడు. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకమనీ, అటువంటివి మూడు కలిస్తే త్ర్యణుకమనీ ఆ దర్శనంలో చెప్పారు. కిటికీలోనుండి పడే ఎండలో తేలే ధూళికణాన్ని త్ర్యణుకానికి ఉదాహరణగా చూపారు. అరబ్బీ తత్త్వవేత్తలు కూడ విభజనకు లొంగని అంశాన్ని ‘జౌహర్’ అన్నారు. ఈ మాట పారశీకంలోని ‘గౌహర్’ నుండి వచ్చినది. రత్నమనీ, సారమనీ దీనికి అర్థాలు. మనకు పరిచితమైన ‘జవాహర్’ దీని బహువచన రూపమే. ఇవన్నీ ఆలోచన చేత పుట్టిన భావాలు. ప్రయోగం చేత నిరూపించినవి కావు. తూచి, కొలిచి, లెక్క కట్టి పరమాణువును రసాయనశాస్త్రంలోకి తెచ్చినవాడు ఇంగ్లండుకు చెందిన జాన్ డాల్టన్. అతని గ్రంథం 1808లో వెలువడినది.

ఈనాటి రసాయనశాస్త్రంలో పరమాణువు అంటే ఒక మూలకపు లక్షణాన్ని నిలుపుకొన్న అతి చిన్న కణం. కొన్ని పరమాణువులు బంధంతో కలిసి ఏర్పడినది అణువు. రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు కలిస్తే ఒక నీటి అణువు అవుతుంది. ‘అణుబాంబు’, ‘అణుశక్తి’ అనేవి పత్రికల ద్వారా స్థిరపడిన మాటలు. నిజానికి ఆ శక్తి అణువులోనుండి వచ్చేది కాదు. పరమాణువు నడుమ ఉండే కేంద్రకం నుండి వస్తుంది. కాబట్టి శాస్త్రార్థంలో అది కేంద్రకశక్తి. పత్రిక చదివేటప్పుడు వాడుకమాటను మన్నించండి. పరీక్ష వ్రాసేటప్పుడు మాత్రం రెంటినీ కలుపవద్దు.

రెండు మాధ్యమాలవారికీ ఉపయోగపడునట్లు ముఖ్యమైన మాటలను జతగా ఇస్తున్నాను:

పరమాణువు – జౌహర్
అణువు – సాలిమా
మూలకం – ఉన్సుర్
సంయోగ పదార్థం – మురక్కబ్
మిశ్రమం – ఆమేజా
కేంద్రకం – మర్కజా

ఈ మాటలు ఊరకే పుట్టలేదు. 1906లో హైదరాబాదులో స్థాపితమైన విజ్ఞాన చంద్రికా మండలి తెలుగులో శాస్త్రగ్రంథాలను వెలువరించినది. 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా పండితులు, మరుసటి సంవత్సరం ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కొరకు శాస్త్రాలను ఉర్దూలోకి తెచ్చారు. 1968లో నెలకొన్న తెలుగు అకాడమి కళాశాల స్థాయి పాఠ్యగ్రంథాలను తెలుగులో అందించినది. మన రెండు భాషలకూ శాస్త్రం చెప్పే శక్తి కలదని వీరందరూ ఏనాడో నిరూపించారు.

2. మూలకం అంటే ఏమి?

మనం చిన్ననాటినుండి పంచభూతాల పేర్లు వింటున్నాము. ఉర్దూలో ‘అనాసిరె అర్బా’ అంటారు: నిప్పు, గాలి, నీరు, మట్టి. ఆకాశం ఒక్కటి మాత్రం ఆ లెక్కలో లేదు. ఇవి ప్రాచీనులు ప్రపంచాన్ని అర్థం చేసుకొనుటకు వేసుకొన్న విభాగాలు. రసాయనశాస్త్రం దృష్టిలో నీరు సంయోగ పదార్థం. గాలి ముఖ్యంగా నత్రజని, ఆక్సిజన్ వాయువుల మిశ్రమం. మట్టి అనేక పదార్థాల కలయిక. నిప్పు పదార్థమే కాదు, అది దహనమనే చర్యలో వెలువడే వేడి, వెలుగు.

రసాయన చర్యల ద్వారా మరింత సరళమైన పదార్థాలుగా విడగొట్టలేనిది మూలకం. బంగారం, రాగి, గంధకం, ఆక్సిజన్ మూలకాలు. నేటికి గుర్తించిన మూలకాలు 118. మన చుట్టూ కనిపించే రాయి, ఆకు, రక్తం, సిరా, అన్నం, అన్నీ వీటిలో కొన్నింటి కలయికలే.

ఇక్కడ అసలు ప్రశ్న వస్తుంది. ఇనుమును ఇనుముగా, బంగారాన్ని బంగారంగా నిలిపేది ఏది? రంగా? బరువా? మెరుపా? ఈ ప్రశ్నకు సమాధానం పరమాణువు లోపల ఉన్నది.

3. పరమాణువు లోపల

పరమాణువు ఎంత చిన్నదంటే, సుమారు పదికోట్ల పరమాణువులను వరుసగా పేర్చితే ఒక సెంటీమీటరు పొడవు రాగలదు. ఇంత చిన్నదానిలో మరల భాగాలున్నవని 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొనడంతో తెలిసినది.

1909లో రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో గైగర్, మార్స్‌డెన్ అనే ఇద్దరు, పలుచని బంగారు రేకుపై ఆల్ఫా కణాలను ప్రయోగించారు. ఎక్కువ కణాలు రేకును దాటి నేరుగా వెళ్ళిపోయినవి. వేలలో ఏదో ఒకటి మాత్రం వెనుకకు తిరిగివచ్చినది. దీనినిబట్టి 1911లో రూథర్‌ఫర్డ్ ఒక నిర్ణయానికి వచ్చాడు: పరమాణువులో అధికభాగం ఖాళీ, దాని బరువు దాదాపు అంతా మధ్యలో ఒక అతి చిన్న బిందువులో ఇమిడి ఉన్నది. అదే కేంద్రకం. కేంద్రకాన్ని ఆవగింజంతగా ఊహిస్తే, పరమాణువు మన ఆటస్థలమంత ఉంటుంది.

కేంద్రకంలో రెండు రకాల కణాలుంటవి. ధనావేశం గల ప్రోటాన్‌ను 1919లో రూథర్‌ఫర్డ్ గుర్తించాడు. ఆవేశం లేని న్యూట్రాన్‌ను 1932లో ఛాడ్విక్ కనుగొన్నాడు. ఈ రెంటి బరువు దాదాపు సమానం. కేంద్రకం వెలుపల ఋణావేశం గల ఎలక్ట్రాన్లుంటవి. ఎలక్ట్రాన్ చాలా తేలికైనది. ప్రోటాన్ బరువు దానికి సుమారు 1836 రెట్లు. మామూలు పరమాణువులో ప్రోటాన్లు ఎన్నో ఎలక్ట్రాన్లు అన్నే ఉంటవి కాబట్టి మొత్తం మీద విద్యుదావేశం కనిపించదు.

బంగారమైనా బొగ్గైనా లోపల ఉన్నవి ఈ మూడు రకాల కణాలే. బంగారంలోని ప్రోటాన్ వేరు, బొగ్గులోని ప్రోటాన్ వేరు కాదు. మరి తేడా ఎక్కడ వచ్చినది? లెక్కలో వచ్చినది.

4. ఒక్క సంఖ్య

కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్యను పరమాణు సంఖ్య అంటారు. మూలకాన్ని నిర్ణయించేది ఇది ఒక్కటే. ఒకటి ఉంటే హైడ్రోజన్, రెండు ఉంటే హీలియం, ఆరు ఉంటే కార్బన్, ఎనిమిది ఉంటే ఆక్సిజన్. ఈ పట్టిక చూడండి:

ఇనుము – లోహా – 26
రాగి – తాంబా – 29
వెండి – చాందీ – 47
బంగారం – సోనా – 79
పాదరసం – పారా – 80
సీసం – సీసా – 82

తెలుగులో ఒక పేరు, ఉర్దూలో ఒక పేరు. ఆంగ్లంలో, లాటినులో మరికొన్ని పేర్లు. పేరు మారుతుంది; సంఖ్య మారదు.

ఈ సత్యాన్ని ప్రయోగంతో స్థిరపరచినవాడు హెన్రీ మోస్లీ. అంతకు పూర్వం 1869లో రష్యాలో మెండలీవ్, అప్పటికి తెలిసిన మూలకాలను పరమాణు భారాల క్రమంలో అమర్చి ఆవర్తన పట్టికను తయారుచేశాడు. అతడు ఖాళీలు విడిచి, అక్కడ రాబోయే మూలకాల గుణాలను ముందే చెప్పాడు. గాలియం 1875లో, జర్మేనియం 1886లో ఆ విధంగానే దొరికినవి. అయినా భారాల క్రమంలో కొన్ని చిక్కులుండెను. భారాన్నిబట్టి అయోడిన్ ముందు రావాలి, టెల్లూరియం తరువాత రావాలి; గుణాలనుబట్టి చూస్తే అది తలక్రిందులు. 1913లో మోస్లీ మూలకాలనుండి వెలువడే ఎక్స్-కిరణాలను కొలిచి, అవి పరమాణు సంఖ్యననుసరించి క్రమంగా మారుతున్నవని చూపాడు. సంఖ్య ప్రకారం పేర్చగానే చిక్కులు తొలగినవి. 43, 61, 75 స్థానాలలో ఖాళీలున్నవని కూడ అతడు చెప్పాడు. ఆ మూడు మూలకాలూ తరువాత లభించినవి. కాని చూచుటకు అతడు లేడు. మొదటి ప్రపంచయుద్ధంలో 1915లో గాలిపోలీ రణరంగంలో మరణించాడు. అప్పటికి అతని వయస్సు 27 సంవత్సరాలు.

5. న్యూట్రాన్ పెరిగితే?

ప్రోటాన్ల సంఖ్య మారకుండ న్యూట్రాన్ల సంఖ్య మారితే మూలకం మారదు, బరువు మారుతుంది. అటువంటివాటిని ఐసోటోపులు అంటారు. మామూలు హైడ్రోజన్ కేంద్రకంలో ఒక ప్రోటాన్ మాత్రమే ఉంటుంది. దానికి ఒక న్యూట్రాన్ తోడైతే డ్యుటీరియం అవుతుంది. అదీ హైడ్రోజనే. అది ఆక్సిజన్‌తో కలిస్తే నీరే ఏర్పడుతుంది, కాని బరువైన నీరు. దానిని భారజలం అంటారు. తెలంగాణలోని మణుగూరులో దీనిని తయారుచేసే కర్మాగారం ఉన్నది. అణువిద్యుత్ రియాక్టర్లలో న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించుటకు ఈ నీటిని వాడుతారు.

6. ఎలక్ట్రాన్ పోతే?

ఆ విద్యార్థి మరొక ప్రశ్న కూడ అడిగాడు. “సార్, సోడియంలో 11 ఎలక్ట్రాన్లు ఉన్నవి. ఒకటి పోతే 10 మిగులుతవి. నియాన్‌లోనూ 10 ఎలక్ట్రాన్లే. అప్పుడు సోడియం నియాన్‌గా మారినట్లు కాదా?”

ఇంత చక్కని ప్రశ్న వేసే పిల్లవాడు సైన్సు మానుకొంటానని దరఖాస్తు పట్టుకొని నిలిచినాడే అని నాకు బాధ కలిగినది.

సమాధానం ఇది. ఎలక్ట్రాన్లు కేంద్రకం చుట్టూ కక్ష్యలుగా అమరి ఉంటవి. మొదటి కక్ష్యలో రెండు, రెండవదానిలో ఎనిమిది వరకు పట్టును. సోడియంలో వాటి అమరిక 2, 8, 1. క్లోరిన్‌లో 2, 8, 7. వెలుపలి కక్ష్య నిండిన పరమాణువు స్థిరంగా ఉంటుంది. సోడియం తన చివరి ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు ఇస్తే ఇద్దరికీ వెలుపలి కక్ష్యలో ఎనిమిది ఉంటవి. ఇచ్చినది ధనావేశం, పుచ్చుకొన్నది ఋణావేశం పొంది ఒకదానినొకటి ఆకర్షిస్తవి. దాని ఫలితమే మన ఇంట్లోని ఉప్పు. సోడియం నీరు తగిలితే భగ్గుమనే లోహం. అందుకే కిరోసిన్‌లో ఉంచుతారు. క్లోరిన్ విషవాయువు. రెండూ కలిసి, అన్నంలో లేకపోతే రుచించని ఉప్పు అయినవి.

ఎలక్ట్రాన్ పోయినా సోడియం కేంద్రకంలో 11 ప్రోటాన్లు అట్లే ఉన్నవి. కాబట్టి అది సోడియమే. ఆవేశం పొందిన సోడియం, అంటే సోడియం అయాన్. నియాన్ కావాలంటే కేంద్రకంలో ప్రోటాన్లు పది ఉండాలి. ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ వాకిట్లో జరుగుతవి; ఇంటి పేరు లోపల ఉన్నది.

7. కీమియా – రసాయనం

ఈ మాట తెలిస్తే చరిత్రలోని ఒక పెద్ద వైఫల్యానికి కారణం తెలుస్తుంది. ఉర్దూలో రసాయనశాస్త్రాన్ని ‘కీమియా’ అంటారు. హీనలోహాలను బంగారంగా మార్చే విద్యకూ అదే పేరు. మన ‘రసాయనం’లోని రసమంటే పాదరసం. తెలుగువారి కథలలో పరుసవేది ఉన్నది. దాని స్పర్శతో ఇనుము బంగారమవుతుందట. అరబ్బుదేశాలలో, చైనాలో, యూరపులో, మన దేశంలో ఎందరో మేధావులు కొలిమి ముందు జీవితాలు గడిపారు. బంగారం రాలేదు.

వారు తెలివితక్కువవారు కారు. ఎనిమిదవ శతాబ్దివాడని చెప్పే జాబిర్ ఇబ్న్ హయ్యాన్ పేర ఉన్న గ్రంథాలలో బట్టీపట్టడం, స్ఫటికీకరణం వంటి ప్రక్రియల వివరణ కలదు. మొక్కల బూడిదకు అరబ్బులు పెట్టిన ‘అల్ ఖలీ’ అనే పేరే ఆంగ్లంలో ‘ఆల్కలీ’ అయినది. పొటాషియానికి ‘కె’ అనే సంకేతం ‘కాలియం’ అనే మాటనుండి, ఆ మాట ఈ ‘ఖలీ’నుండి వచ్చినవే.

పాదరసం సంఖ్య 80, బంగారం సంఖ్య 79. మధ్య తేడా ఒక్క ప్రోటాన్! కాని కాల్చినా, కరగించినా, ఆమ్లంలో వేసినా కదిలేవి బయటి ఎలక్ట్రాన్లే. కేంద్రకం కదలదు. ఇరవయ్యవ శతాబ్దంలో న్యూట్రాన్లతో కేంద్రకాలను ఢీకొట్టి పాదరసంనుండి బంగారు పరమాణువులను శాస్త్రజ్ఞులు పుట్టించగలిగారు. కాని అవి అత్యల్పం, రేడియోధార్మికత కలవి, వాటి ఖరీదు గని బంగారానికి ఎన్నో రెట్లు.

8. గుంటూరు ఆకాశంలో ఒక గీత

ఎలక్ట్రాన్ల అమరిక మరొక మేలు చేస్తుంది. వేడి తగిలినప్పుడు ఎలక్ట్రాన్లు పై స్థాయికి పోయి, మరల క్రిందికి వచ్చేటప్పుడు వెలుగునిస్తవి. ఆ వెలుగు రంగులు ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క విధంగా ఉంటవి. ఇంట్లో పెద్దల సమక్షంలో గ్యాస్ పొయ్యి నీలిమంటపై చిటికెడు ఉప్పు చల్లి చూడండి. పసుపుపచ్చని మంట లేస్తుంది. అది సోడియం చేవ్రాలు.

1868 ఆగస్టు 18న మన తీరాన సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించినది. దానిని చూచుటకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరుకు వచ్చాడు. మద్రాసు వేధశాల అధికారి పాగ్సన్ మచిలీపట్నంలో పరిశీలించాడు. సూర్యుని అంచున లేచే జ్వాలల కాంతిని వర్ణపటదర్శినితో చూడగా ప్రకాశవంతమైన గీతలు కనిపించినవి. వాటిలో ఒక పసుపు గీత సోడియం గీతకు దగ్గరగా ఉన్నది కాని దానితో కలియదు. అదే సంవత్సరం అక్టోబరులో ఇంగ్లండులో లాక్యర్ కూడ ఆ గీతను చూసి, అది భూమిపై తెలిసిన ఏ మూలకానిదీ కాదని భావించాడు. సూర్యునికి గ్రీకు పేరైన ‘హీలియోస్’నుండి దానికి హీలియం అనే పేరు వచ్చినది. భూమిపై దానిని 1895లో రామ్సే కనుగొన్నాడు. దాని సంఖ్య 2. మొదటి కక్ష్య నిండి ఉండుటచేత అది సాధారణంగా దేనితోనూ కలియదు. కనుకనే అంతకాలం రసాయనజ్ఞుల చేతికి చిక్కలేదు.

9. విద్యార్థులకు నాలుగు మాటలు

పుస్తకంలో గీసిన కక్ష్యల బొమ్మ 1913లో నీల్స్ బోర్ చెప్పినదానిని అనుసరించినది. మొదట నేర్చుకొనుటకు అది మేలైన మెట్టు. ఎలక్ట్రాన్లు గ్రహాలవలె గీసిన దారిలోనే తిరుగవనీ, అవి ఉండే అవకాశాన్ని మాత్రమే చెప్పగలమనీ పై తరగతులలో తెలుసుకొంటారు. మెట్టును చివరి అంతస్తు అనుకోవద్దు.

మొదటి ఇరవై మూలకాల సంఖ్యలను, ఎలక్ట్రాన్ల అమరికను మీ చేతులతో వ్రాసి పట్టికగా చేసుకోండి. ప్రక్కన తెలుగు పేరు, ఉర్దూ పేరు, ఆంగ్ల సంకేతం వ్రాయండి. ఒక మాట తెలియకపోతే బల్లమీద ప్రక్కన కూర్చున్నవారిని అడగండి. అడుగుటలో చిన్నతనం లేదు. తెలియక విడిచిపెట్టుటలో నష్టం ఉన్నది.

ఆనాటి విద్యార్థి దరఖాస్తును నేను సరిచేయలేదు. వారంరోజులు ఆగి రమ్మన్నాను. వారం తరువాత అతడు దరఖాస్తు కొరకు రాలేదు. మూడు భాషలలో వ్రాసుకొన్న పట్టికను చూపడానికి వచ్చాడు. అందులో రెండుచోట్ల అక్షరదోషాలున్నవి. సంఖ్యలలో ఒక్క దోషం కూడ లేదు.

మన కళాశాల పాలకవర్గంవారు ఇటువంటి త్రిభాషా పదపట్టికను ముద్రించి, ఏటా కొత్తగా చేరే సైన్సు విద్యార్థులకు మొదటి వారంలోనే అందజేయవలెనని సవినయంగా కోరుతున్నాను. ఖర్చు కొద్ది కాగితాలకే. దానివలన ఒక్క విద్యార్థి సైన్సులో నిలిచినా, ఆ ఖర్చు సార్థకమైనట్లే.